ఎర్ర గీత సాక్ష్యం

"ఖరారు!" అన్నాడు ఇన్‌స్పెక్టర్, చేతి గడియారం చూసుకుంటూ. "నాలుగింటికి వీణ్ణి జడ్జిగారి ముందు నిలబెడుతున్నాను. ఈలోగా మీ సరదా మీరు తీర్చుకోండి మేడం."

ఆయన అసలు పేరేమిటో డిపార్ట్‌మెంట్లోనే సగం మందికి తెలీదు. ఏ కేసులోనైనా వచ్చీరాగానే ఒక మనిషిని పట్టుకుని "ఖరారు" అనేయడం అలవాటు కనుక ఆ మాటే పేరై కూర్చుంది. ఖరారుగారు చెడ్డవాడేం కాదు. చెయ్యి చాపడు, చేతికి దొరికినవాణ్ణి చితకబాదడు. కాకపోతే ఒకసారి ఖరారు చేసేశాక అసలు హంతకుడే ఎదురొచ్చి నేనే చంపానన్నా, కాసేపు వరసలో నిలబడమంటాడు.

ఆయన మేడం అని దెప్పిన మనిషి ధ్వనిశాస్త్రం చదివి, ఆ చదువుని గాలికొదిలి, ప్రైవేటు డిటెక్టివ్ అయిన నడివయసు ఆడమనిషి. పక్క గదిలో గుసగుసని కూడా వదలదని కాలేజీలో మాస్టారు ఆమెకు పాముచెవి అని పేరు పెట్టారు. ఇప్పుడు ఆఫీసు బోర్డు మీద కూడా అదే ఉంది. కాలేజీలో ఆమె పక్క బెంచీలో కూర్చున్నవాడికి అదే మాస్టారు బుర్ర అని పేరు పెట్టారు. ఆ బుర్రనే మొన్న సాయంత్రం ఈ గదిలో, ఈ కుర్చీ వెనకనుంచి, ఇనప మైకు స్టాండుతో తలమీద కొట్టి చంపేశారు.

బుర్ర తమ్ముడు ఇప్పుడు బేడీలతో గుమ్మం దగ్గర నిలబడి ఉన్నాడు. బుర్ర భార్య ఎదురు గోడ పక్కన స్టూలు మీద కూర్చుని, మరిది ఉన్నవైపు తప్ప గదంతా చూస్తోంది. నాలుగు దాటితే ఆ కుర్రాడు జైలుకి వెళ్తాడు, వెళ్ళినవాడు ఎప్పటికి బయటపడతాడో ఎవరూ చెప్పలేరు. పాముచెవి దగ్గర గంటన్నర టైముంది.

"మొన్న ఎందుకొచ్చావురా?" అని అడిగింది.

"అన్నయ్యే రమ్మన్నాడక్కా. ఫోన్లో గొంతు అదోలా ఉంటే, ఉన్నపళంగా వచ్చేశాను."

"వచ్చి గొడవెందుకు పడ్డావు?"

తమ్ముడు వదిన వైపు ఒకసారి చూసి తల దించుకున్నాడు. "అన్నయ్య కనిపెట్టిన పద్ధతుంది కదా, ఎంత గోలలోనైనా ఒక్క శబ్దాన్ని విడదీసి తెరమీద చూపించేది. దాన్ని ఎవరో తమదని చెప్పుకుని పెద్ద కంపెనీకి ఇచ్చేశారట. వచ్చే వారం ఆ మనిషి పేరుతోనే బయటికి వస్తోందట. 'నా చేత్తో నేనే అంతా విప్పి చూపించానురా, ఒక్క ముక్క దాచుకోలేదు' అన్నాడు. అలా అంటుంటే ఆ మొహం చూడలేకపోయాను."

"ఎవరా మనిషి?"

"అదే చెప్పడు! ఎంత గింజుకున్నా చెప్పడు. 'ముందు నేను ఎదురుగా కూర్చోబెట్టి అడగాలి. అడక్కుండా ఇంకొకళ్ళ దగ్గర పేరెత్తితే తప్పు' అన్నాడు. నీ నెత్తిన చెయ్యి పెట్టినవాడికి కూడా మర్యాదలేమిటన్నయ్యా అన్నాను. అన్నయ్య నాకేసి చూసి నవ్వాడు. నాకు ఒళ్ళు మండింది."

"మండి, చావమన్నాడు," అని అందుకున్నాడు ఖరారు. "కింద టైలరు మిషను ఆపి మరీ విన్నాడు. 'నీ ఖర్మ, చావు!' అని వీడి గొంతు. అప్పటికి ఆరు ఇంకా కాలేదు. ఆరుకీ ఏడుకీ మధ్య ప్రాణం పోయిందని డాక్టరు రాసిచ్చాడు. మనిషి చావమన్నాడు, మనిషి చచ్చాడు. ఇంకేం కావాలి మేడం?"

తమ్ముడు గోడకి చేరగిలబడ్డాడు. "అన్నాను. నా నోటితోనే అన్నాను. ఆ ఒక్క మాటకి వాళ్ళేం చేసినా పడతాను. కానీ చెయ్యెత్తలేదక్కా."

"మాట అన్నప్పుడు తలుపు తీసి ఉందా, వేసి ఉందా?"

"తీసే ఉంది. గుమ్మంలో నిలబడే అరిచాను. తర్వాత అన్నయ్యే నా మొహం మీద తలుపు వేసేసుకున్నాడు."

పాముచెవి ఆ తలుపు మీద చెయ్యి వేసింది. జానెడు మందం, అంచుల చుట్టూ రబ్బరు. గది నాలుగు గోడలకీ పైకప్పుకీ బూడిదరంగు స్పాంజి ముక్కలు బారులు తీరి ఉన్నాయి. బయటి చప్పుడు లోపలికి రాకుండా, లోపలి చప్పుడు గోడకి తగిలి తిరిగి రాకుండా బుర్ర కట్టించుకున్న గది ఇది. తెలిసినవాళ్ళంతా దీన్ని మూగ గది అనేవాళ్ళు.

"ఈ తలుపు వేస్తే లోపల పిడుగు పడినా కింద టైలరు కుట్టు ఆపడు ఇన్‌స్పెక్టర్‌గారూ. ఆయన విన్నది తలుపు తీసి ఉన్నప్పటి సంగతి మాత్రమే. తలుపు పడ్డాక ఏం జరిగిందో వినే మానవుడు లేడు."

"వెనక మెట్లున్నాయి. వీడు ఆ దారిన తిరిగొచ్చాడు. ఖరారు."

"తిట్టి పోయినవాడు తిరిగొస్తే అన్న వీపు చూపించి తీరిగ్గా కుర్చీలో కూర్చుంటాడా? దెబ్బ వెనకనుంచి పడింది. పెనుగులాట లేదు. వచ్చిన మనిషిని బుర్ర నమ్మి, కంప్యూటరు వైపు తిరిగి కూర్చున్నాడు."

"తమ్ముణ్ణి నమ్మడా?" అన్నాడు ఖరారు, తెలివైన మాట అన్నానని మీసం కిందే మురిసిపోతూ.

స్టూలు మీదనుంచి బుర్ర భార్య మొదటిసారి నోరు విప్పింది. "అక్కా, తనని ఎవరో మోసం చేశారని ఆయన తమ్ముడితో అన్నారు. రాత్రీ పగలూ పక్కనున్నాను, నాతో అనలేదు. నాకు ముందు అదే మింగుడు పడటం లేదు."

పాముచెవికి ఆమె పక్కన కూర్చుని చెయ్యి పట్టుకోవాలనిపించింది. టైము లేదు. బల్ల దగ్గరికి నడిచింది.

బల్లమీద పెద్ద తెర, నల్లగా ఆరిపోయి ఉంది. కుర్చీకి జానెడు దూరంలో, కూర్చున్న మనిషి భుజం ఎత్తున, సన్నటి మైకు నిలబెట్టి ఉంది. బుర్ర రాసిన సాఫ్ట్‌వేర్‌కి అదే చెవి. ఆ సాఫ్ట్‌వేర్‌కి ఆలకింపు అని పేరు పెట్టుకున్నాడు. మైకులో పడిన శబ్దాన్ని పడ్డ క్షణంలోనే గీతగా గీసి చూపించడం దాని పని. హాళ్ళు కట్టేవాళ్ళు, స్పీకర్లు తయారుచేసేవాళ్ళు, ఫ్యాక్టరీ మిషన్లలో ఏ బోల్టు వదులైందో వెతికేవాళ్ళు దాన్ని తమ కంప్యూటర్లలో వేసుకుని వాడుకుంటారు.

"దీన్ని చూశారా?"

"చూడకేం? మేం వచ్చేసరికి తెర మీద గీతలేవో ఆడుతున్నాయి. మా కానిస్టేబుల్ తెర ఆపేశాడు. దీంట్లో రికార్డింగేమైనా ఉందా అని మీ మాస్టారినే అడిగాను. పాపం, పెద్దాయన, చెవి మిషను సర్దుకుంటూ మెట్ల మీదే కూలబడిపోయారు. ఈ గదిలోకి అడుగు పెట్టలేనన్నారు. 'ఆలకింపు వింటుంది నాయనా, దాచుకోదు' అన్నారు. దాంతో ఆ ముచ్చట అయిపోయింది."

నిజమే, ఆలకింపు దాచుకోదు. అయినా ఆ మాట పాముచెవి మనసులో ఎక్కడో గుచ్చుకుంది. మాస్టారు చెప్పాల్సింది ఇంకొంచెం ఉంది. ఆ కొంచెం ఎందుకు చెప్పలేదు?

"కంప్యూటరు పెట్టె ఏదీ?" అంది.

ఖరారు వంగి బల్ల కింద చూశాడు. బల్ల వెనక చూశాడు. కానిస్టేబుల్ కేసి చూశాడు. కానిస్టేబుల్ పైకప్పు కేసి చూశాడు.

"మూగ గదిలో కంప్యూటరు పెట్టరు సార్. దాని ఫ్యాను రొదంతా మైకులో పడుతుంది. గోడకి బెజ్జం పెట్టి, పెట్టెని బయట నడవలో బీరువాలో పెడతారు." ఆమె బయటికి వెళ్ళి బీరువా తలుపు తీసింది. వెచ్చటి గాలి మొహానికి కొట్టింది. మొన్నటినుంచి పోలీసులు దాని పక్కనుంచే తిరుగుతున్నారు. లోపల ఫ్యాను తన మానాన తాను తిరుగుతూనే ఉంది.

ఆమె తిరిగొచ్చి తెర మీట నొక్కింది.

నల్లటి తెరమీద రెండు గీతలు వెలిగాయి. ఒకటి పచ్చది. అది ప్రాణమున్న దానిలా కదులుతోంది. ఖరారు గొంతు సవరించుకుంటే ఎడమవైపు ఉబ్బింది, బేడీల గొలుసు కదిలితే కుడివైపు చిటపటమంది. రెండోది ఎర్రది. అది కదలడం లేదు.

"ఎడమవైపు బొంగురు శబ్దాలు, కుడివైపుకి పోయేకొద్దీ కీచు శబ్దాలు," అంది పాముచెవి అందరికీ వినపడేలా. "పచ్చగీత ఈ క్షణం వినపడుతున్నది గీస్తుంది. చప్పుడు ఆగితే కిందికి దిగిపోతుంది. ఎర్రగీత అలా దిగదు. పచ్చగీత ఎక్కడెక్కడ ఎంత ఎత్తుకు లేచిందో, ఆ ఎత్తునే పట్టుకుని ఉండిపోతుంది. మనం చెరిపేదాకా. బుర్ర ప్రతి పరీక్షకీ ముందు దాన్ని చెరిపి మళ్ళీ మొదలుపెట్టేవాడు. చివరిసారి ఎప్పుడు చెరిపాడో మూల చూడండి."

తెర మూల ఆరూ పది అని ఉంది. తమ్ముడు మెట్లు దిగిపోయిన తర్వాత.

"అంటే ఆ తర్వాత ఈ గదిలో పుట్టిన ప్రతి శబ్దం..." అని ఆగింది బుర్ర భార్య.

"దీని కింద ఉంది. మాటలుగా ఉండదు. ఎవరేం అన్నారో తెలీదు. ఎంత గట్టిగా, ఎంత సన్నగా అన్నది మాత్రం ఉంటుంది." పాముచెవి ముందు ఎర్రగీతకి తాళం వేసింది, ఇకమీదట ఏ చప్పుడూ దాన్ని కదపకుండా. తర్వాత కళ్ళు చిట్లించి ఎడమవైపు చూసింది. అక్కడ గీత కొండలా లేచి ఉంది. "ఇన్‌స్పెక్టర్‌గారూ, శవాన్ని చూడగానే మీరేమైనా అరిచారా?"

ఖరారు నీళ్ళు నమిలాడు. "కానిస్టేబుల్ గాడు తెరని ముట్టుకుంటే... కాస్త..."

"కాస్తా సార్?" అన్నాడు కానిస్టేబుల్, పాపం, ఆపుకోలేక.

"ఈ కొండ మీ అరుపే. హంతకుడూ బుర్రా మాట్లాడుకున్న మాటల ఎత్తంతా మీ అరుపు కింద పడి మునిగిపోయింది. సాక్ష్యాన్ని మూట కట్టమంటే మీరు మింగేశారు."

"మాటలు జాగ్రత్త మేడం! నేను అరవకపోతే మాత్రం ఈ పిచ్చిగీత హంతకుడి పేరు చెబుతుందా? ఇదా జడ్జిగారికి నేను చూపించాల్సింది? మీ స్నేహితుడు పోయాడని ఇంతసేపు ఓర్చుకున్నాను." ఖరారు మొహం ఎర్రబడింది. "మీరు పాతికేళ్ళు పోలీసు చేశారా? నేను చేశాను. మనుషులు అయినవాళ్ళనే చంపుతారు. తమ్ముళ్ళూ బావలూ మొగుళ్ళూ. బయటినుంచి ఎవడూ ఊడిపడడు."

ఆమె కళ్ళు కుడివైపుకి వెళ్ళి ఆగిపోయాయి.

ఖరారు అరుపు కొండ అక్కడిదాకా రాదు. మనిషి గొంతు అంత సన్నగా అంత గట్టిగా లేవదు. నేలబారుగా పోతున్న ఎర్రగీత అక్కడ ఉన్నట్టుండి నిటారుగా లేచి, సూదిలా సన్నబడి, అంతే నిటారుగా పడిపోయింది. దాని పక్కనే ఇంకో చిన్న సూది. పొడవాటిదీ పొట్టిదీ, అక్కాచెల్లెళ్ళలా పక్కపక్కన.

పాముచెవి వేలితో ఆ రెండు సూదుల్నీ తాకి చూసింది. తర్వాత గబగబా పనిలో పడింది.

"తమ్ముడూ, నీ ఫోనెక్కడ?"

కానిస్టేబుల్ సంచీలోంచి తీసిచ్చాడు. ఆమె దాన్ని మోగించింది. పచ్చగీత పది చోట్ల పది రకాలుగా ఎగిరింది, సూదుల జోలికి పోలేదు. మూలనున్న కాఫీ కెటిల్ పెట్టించింది. నీళ్ళు మరిగి అది కూసింది కానీ వెడల్పాటి దిబ్బ లేచింది తప్ప సూది లేవలేదు. కుర్చీ కిర్రుమనిపించింది. బేడీలు ఆడించమంది. ఆలకింపులోనే ఉన్న పరీక్ష శబ్దాలు ఒక్కొక్కటీ వేసి చూసింది. అవి సెకనుకి వేయి ప్రకంపనలు, రెండువేలు అంటూ గుండు అంకెల దగ్గరే నిలబడ్డాయి. ఎర్ర సూదులు మాత్రం ఏ లెక్కకీ ఒదగని చోట, తమ ఇష్టం వచ్చిన చోట ఉన్నాయి.

"మీ విజిల్ ఊదండి," అంది కానిస్టేబుల్‌తో.

ఆయన ఖరారు కేసి చూసి, అనుమతి దొరక్కపోయినా ఊదేశాడు. చెవులు చిల్లులు పడ్డాయి. పచ్చగీత దగ్గరిదాకా వెళ్ళింది, పక్కకి పడింది.

"ఇంకేం మిగిలింది?" అన్నాడు ఖరారు వెటకారంగా. "నన్ను పాట పాడమంటారా?"

ఇంకేం మిగల్లేదు. ఆ సంగతి పాముచెవికి ముందే తెలుసు. నిజానికి ఆ రెండు సూదుల్ని చూసిన మొదటి క్షణంలోనే అదేం శబ్దమో ఆమె చెవికి తెలిసిపోయింది. ఫోనూ కెటిలూ విజిలూ అన్నీ, తన చెవి అబద్ధం చెబుతోందని రుజువు చెయ్యమని ఆమె గదిలో ఒక్కో వస్తువునీ కాళ్ళావేళ్ళా పడి బతిమాలడమే. ఒక్కటీ కరుణించలేదు.

మాస్టారు చెవి మిషను.

జీవితమంతా శబ్దం గురించి పాఠం చెప్పిన మనిషికి నడివయసులోనే చెవులు మందగించాయి. అందులోనూ సన్నటి శబ్దాలు బొత్తిగా పోయాయి. చెవిలో మిషను పెట్టుకున్నారు. దాని ముందు ఏదైనా అడ్డం వస్తే, మిషను తన గొంతు తానే విని కుయ్యిమని కీచుగా ఈల వేస్తుంది. ఏదైనా అడ్డం రావడమంటే మాస్టారి విషయంలో ఒకటే, ఆయన ఎవరినైనా కౌగిలించుకోవడం. ఆయనకి అదొక జబ్బు. పరీక్ష పాసైతే కౌగిలించుకుంటారు, తప్పితే ఇంకా గట్టిగా కౌగిలించుకుంటారు. తల్లిదండ్రుల దగ్గర కూడా దొరకని ఆ దగ్గరితనం కోసమే పాముచెవీ బుర్రా ఆయన ఇంటి చుట్టూ తిరిగేవాళ్ళు. కౌగిలించుకున్న ప్రతిసారీ మిషను కుయ్యిమనేది. ఆ ఈల ఆయనకి తప్ప అందరికీ వినపడేది. ఎవరూ నవ్వేవాళ్ళు కాదు, ఎవరూ చెప్పేవాళ్ళు కాదు. పోయిన నెల ఆమె పుట్టినరోజుకి కూడా ఆ ఈల ఆమె చెవి పక్కనే మోగింది.

మొన్న ఆరూ పది తర్వాత, బుర్ర చెవి పక్కన మోగింది.

ఆమె బల్ల అంచు పట్టుకుంది. "ఈ కేసు నువ్వు తీసుకోకమ్మడూ, తట్టుకోలేవు" అని నిన్న మాస్టారు తల నిమిరారు. ఎంత ప్రేమ అనుకుని ఆ చేతిమీదే తల ఆన్చి ఏడ్చింది. మొన్న సాయంత్రం ఏడు కాకముందే ఆయన దగ్గర్నుంచి ఫోను. "ఇంట్లోనే పడుకుని ఉన్నాను, కాస్త జ్వరం. నువ్వు రాకు, ఊరికే నీ గొంతు వినాలనిపించింది" అన్నారు. గొంతు వినాలనిపించి కాదు. సాక్షిని తయారు చేసుకోవడానికి. లోకంలో ఇంతమంది ఉండగా, తనమీద అనుమానమే రానివ్వని పిచ్చిదాన్ని ఏరి మరీ పట్టుకున్నారు.

"ఇన్‌స్పెక్టర్‌గారూ," అంది. "మాస్టారు మొన్న సాయంత్రం ఎక్కడున్నారో విచారించారా?"

"అదేమిటి? జ్వరంతో ఇంట్లో ఉన్నారని చెప్పింది మీరే కదా! రాతపూర్వకంగా ఇచ్చారు."

"ఆయన నాకు చెప్పింది నేను మీకు చెప్పాను. ఆ ఫోను ఎక్కడినుంచి వచ్చిందో మీరు చూశారా?"

"మీరు చెప్పాక ఇంక చూడ్డమెందుకని..." అని ఖరారు ఆగిపోయాడు. ఆమె మొహం చూశాడు. తెర చూశాడు. మళ్ళీ ఆమె మొహం చూశాడు. బుర్రలేనివాడు కాదు, తొందరమనిషి, అంతే. ఫోను తీసి పక్కకి వెళ్ళి ఎవరితోనో తగ్గు గొంతుతో మాట్లాడాడు. వచ్చి, ఈసారి ఖరారు అనలేదు.

"టవర్ వివరాలకి గంట పడుతుందట," అన్నాడు.

"గంట అక్కర్లేదు." ఆమె తన ఫోను తీసింది. "మాస్టారూ... నేను బుర్ర గదిలో ఉన్నాను. నా వల్ల కావడం లేదు. ఒక్కసారి రండి."

"నేను చెప్పానా అమ్మడూ, తట్టుకోలేవని," అంది అవతలనుంచి ఆ గొంతు, వెన్నలా. "ఉండు, వస్తున్నాను."

పావుగంటలో మెట్లమీద ఆయన అడుగుల చప్పుడైంది. ఈలోగా పాముచెవి అందర్నీ గోడవారకి పొమ్మంది. ఎవరూ పలకొద్దని చెప్పింది. ఎందుకని బుర్ర భార్య అడగలేదు. ఆమె మొదటిసారిగా మరిది కేసి చూసింది.

మాస్టారు ఇస్త్రీ చొక్కాతో, చంకలో గొడుగుతో గుమ్మంలో నిలబడ్డారు. లోపల పోలీసుల్ని చూసి ఒక్క క్షణం తటపటాయించారు.

"రండి మాస్టారూ," అంది పాముచెవి, మైకు పక్కనుంచి కదలకుండా.

ఆయన లోపలికి అడుగు పెట్టారు. గుమ్మంనుంచి ఆమె దగ్గరికి తిన్నటి దారుంది. ఆయన తిన్నగా రాలేదు. కుర్చీ వెనక ఒకచోట, చిన్న గుంటని తప్పించుకున్నట్టు, చుట్టు తిరిగి వచ్చారు. బుర్ర పడిపోయింది అక్కడే. నేలమీద తివాచీ నిన్ననే తీసేశారు, కడిగేశారు, అక్కడ ఏ గుర్తూ లేదు. ఈ గదిలోకి అడుగు పెట్టలేనన్న మనిషికి ఆ చోటు తెలియాల్సిన పని లేదు. ఖరారు అది చూశాడు.

"ఏడవకు తల్లీ," అంటూ మాస్టారు చేతులు చాచారు.

పాముచెవి ఆ చేతుల్లోకి వెళ్ళింది. అదే సబ్బు వాసన. అదే చెయ్యి వీపు మీద మెల్లగా తట్టింది. కాలేజీ రోజులనుంచి ఏ కష్టం వచ్చినా ఆమె పరిగెత్తుకొచ్చిన చోటు ఇది. ఈ చివరి పరీక్ష కూడా తప్పాలని, తన చెవి తప్పని తేలాలని, ఆ కుర్రాణ్ణి బయటపడేయడానికి ఇంకేదైనా దారి దొరకాలని ఆమె ప్రాణమంతా కోరుకుంది. తల ఆయన చెవి పక్కకి ఆన్చింది.

కుయ్యిమంది.

మూగ గదిలో ఆ ఈలని కప్పే చప్పుడు ఇంకోటి లేదు. గోడవారన ఉన్నవాళ్ళంతా విన్నారు. తెరమీద పచ్చగీత నిటారుగా లేచింది. పొడవాటి సూది పొడవాటి ఎర్ర సూదిని తాకింది, పొట్టిది పొట్టిదాన్ని తాకింది. బుర్ర భార్య నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

మాస్టారు ఏమీ ఎరగనట్టే ఆమె వీపు తడుతున్నారు. నిజంగానే ఏమీ ఎరగరు. మొన్న కూడా ఇలాగే తట్టి ఉంటారు. నా పద్ధతిని మీ పేరుతో ఎలా ఇచ్చేశారని నిలదీసిన శిష్యుణ్ణి దగ్గరికి తీసుకుని, తప్పైపోయింది నాయనా అని ఉంటారు. వాడు కరిగిపోయి ఉంటాడు. పోనీలెండి మాస్టారూ అని, కళ్ళు తుడుచుకుని, పని చూసుకోవడానికి కుర్చీలో కూర్చుని వీపు చూపించి ఉంటాడు. ఆమె ఆ చేతుల్ని విడిపించుకుని వెనక్కి జరిగింది.

"మాస్టారూ, ఇప్పుడు మీకేమైనా వినపడిందా?"

"ఏమీ లేదే. ఏం?"

"ఒకసారి తెర చూడండి. మీరు నేర్పిన విద్యే."

ఆయన కళ్ళజోడు సర్దుకుని వంగి చూశారు. పచ్చగీత దిగిపోయి ఉంది. ఎర్ర సూదులు రెండూ అలాగే ఉన్నాయి. మూలనున్న ఆరూ పది చదివారు. మొహంలో మొదట అర్థంకానితనం తప్ప ఏమీ లేదు. తరగతిలో కష్టమైన లెక్క వేసినప్పుడు ఆయన మొహం ఇలాగే ఉండేది. మెల్లగా కుడిచెయ్యి ఎత్తి, మిషను ఉన్న చెవి దగ్గరికి తీసుకెళ్ళారు. అరచెయ్యి దానికి అడ్డం పెట్టారు.

పచ్చ సూదులు లేచి ఎర్ర సూదుల్ని తాకాయి.

చెయ్యి తీశారు. పడిపోయాయి. మళ్ళీ పెట్టారు. లేచాయి. గది నిండా మోగుతున్న ఆ ఈలని ఆయన ఒక్కడే వినకుండా, కళ్ళతో చూస్తూ నిలబడిపోయారు. చంకలోంచి గొడుగు జారి నేలమీద పడింది. ఖరారు రెండడుగులు ముందుకేసి తలుపుకి అడ్డంగా నిలబడ్డాడు. కానిస్టేబుల్‌కి సైగ చేస్తే, ఆయన తాళంచెవి తీసి తమ్ముడి బేడీల మీదికి వంగాడు.

"ఎప్పట్నుంచి?" అన్నారు మాస్టారు, తెరమీదనుంచి కళ్ళు తిప్పకుండా.

"మేం కాలేజీలో ఉన్నప్పట్నుంచి."

"ఇన్నేళ్ళూ... ఒక్కళ్ళు కూడా నాకు చెప్పలేదే?"

"బుర్రే వద్దన్నాడు మాస్టారూ," అంది పాముచెవి. "నా చేత ఒట్టు వేయించుకున్నాడు. మీకు తెలిస్తే సిగ్గుపడతారట. ఇంకెప్పుడూ మమ్మల్ని దగ్గరికి తీసుకోరట."